నల్ల విరేచనం, దూరాన ఎండోస్కోపీ: సరిహద్దు ఆసుపత్రిలో తొలి 24 గంటలు

రోగి వయసు 62. ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ వైపు ఒక పల్లెలో వరి పండించే రైతు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే కుటుంబం. రెండేళ్ళ కిందట గుండెపోటు వస్తే విశాఖపట్నంలో స్టెంటు వేశారు. నాట్లు అయిపోయిన రోజుల్లో ఒక సాయంత్రం, పర్లాకిమిడిలోని మా చిన్న ఆసుపత్రికి ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. ఆయనను గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

ఇలాంటి కేసులు మాకు కొత్త కాదు. అయినా దీన్ని వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. ఎండోస్కోపీ (నోటి ద్వారా కెమెరా గొట్టం వేసి కడుపు లోపల చూసే పరీక్ష) లేని చోట పనిచేసే డాక్టర్లు చాలామంది, జీర్ణకోశంలో రక్తస్రావం అనగానే తమ పని అంబులెన్సు పిలవడంతో అయిపోయిందనుకుంటారు. గత పాతికేళ్ళలో వచ్చిన పెద్ద పరిశోధనలను దగ్గర పెట్టుకుని చూస్తే, రోగి బతకడానికి కావలసిన పనుల్లో చాలా భాగం ఎండోస్కోపీకి ముందే జరగాలని, అవన్నీ మన చేతిలో ఉన్నవేనని తెలుస్తుంది.

నల్లటి రంగు, రెండు కారణాలు

వాళ్ళు చెప్పింది నీరసం గురించే. నాలుగు రోజులుగా ఓపిక లేదు, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి, ఆ మధ్యాహ్నం పెరట్లో స్పృహ తప్పి పడిపోయారు. వాంతి లేదు, ఎర్ర రక్తం ఎక్కడా కనిపించలేదు. అందుకే రక్తస్రావం అన్న మాట ఎవరి నోటా రాలేదు. విరేచనం ఏ రంగులో అవుతోందని నేను అడిగితే ఆయన భార్య అన్నారు: "నల్లగానే అవుతోంది బాబూ. నీరసానికి బలం మాత్రలు వేసుకుంటున్నారు కదా, వాటివల్ల నల్లగా అవుతుందని మందుల షాపులో ముందే చెప్పారు."

షాపులో చెప్పింది నిజమే. ఐరన్ మాత్రలు వేసుకునేవారికి విరేచనం నల్లబడుతుంది. ఆ నిజం చాటున అసలు జబ్బు నాలుగు రోజులు దాగి ఉండిపోయింది.

ఇక్కడ చేయవలసిన పరీక్షకు యంత్రం అక్కర్లేదు, చేతికి తొడుగు ఉంటే చాలు. ఐరన్ వల్ల నల్లబడ్డ మలం గట్టిగా ఉంటుంది, కాస్త ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది, మామూలు వాసనే ఉంటుంది. పైపేగులో కారిన రక్తం అరిగి వచ్చిన మలం రోడ్డు వేసే తారులా జిగటగా, నిగనిగలాడుతూ ఉంటుంది. దాని దుర్వాసన ఒకసారి ఎరిగినవారు మళ్ళీ పొరపడరు. ఈయనను పరీక్షించినప్పుడు తొడుగుకు అంటుకున్నది అలాంటిదే. తడిపిన తెల్లటి గాజుగుడ్డ మీద రాస్తే అంచుల్లో ఎర్రటి జీర తేలింది. మలద్వారం పరీక్షను మొహమాటంతోనో, తీరిక లేకనో వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. నీరసంతో పాలిపోయి వచ్చిన పెద్దవయసు రోగికి ఆ పరీక్ష చేయకుండా ఐరన్ రాయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

మందుల సంచి

ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మన్నాం. కొడుకు తెచ్చిన ప్లాస్టిక్ సంచిని బల్ల మీద కుమ్మరించాం. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా విశాఖ డాక్టర్లు రాసిన ఆస్పిరిన్ 75, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ ఉన్నాయి. వాటితోపాటు రాసిన పాంటోప్రజోల్ షీటు సగం వాడి వదిలేసి ఉంది. ఛాతీలో మంట గానీ ఉబ్బరం గానీ లేవు కాబట్టి అక్కర్లేదనుకుని నెలల కిందటే మానేశారట. అది ఆస్పిరిన్ నుంచి కడుపును కాపాడడానికి రాసిన మాత్ర అని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మిగిలినవి కాగితం పొట్లాలు. నాట్ల పనిలో మోకాళ్ళు పట్టేసి, ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గర మూడు వారాలుగా పూటకో పొట్లం తీసుకుంటున్నారు. ఒక్కో పొట్లంలో మూడు మాత్రలు. ఒకటి డైక్లోఫెనాక్ అనే నొప్పిమాత్ర అని దాని మీది అక్షరాలే చెబుతున్నాయి, ఇంకొకటి విటమిను, మూడోది పేరు లేని చిన్న తెల్ల మాత్ర. ఆర్‌ఎంపీకి ఫోను చేసి అడిగాను. ఆయన దాచకుండా డెక్సామెథాసోన్ అని చెప్పారు, అది స్టెరాయిడ్. ఈ ఒక్క సమాధానంతో కేసు స్వరూపమే మారిపోయింది. ఆస్పిరిన్, దానిపైన నొప్పిమాత్ర, దానిపైన స్టెరాయిడ్, కాపలా ఉండవలసిన పాంటోప్రజోల్ లేదు. ఇవన్నీ ఒకేచోట కలిస్తే పుండు నుంచి రక్తం కారే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మూడు వారాల స్టెరాయిడ్ హఠాత్తుగా ఆగింది కాబట్టి, రక్తపోటు లేవకపోతే దాని బదులు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వాలని కూడా అప్పుడే అనుకున్నాం. చివరికి ఆ అవసరం పడలేదు.

ఆర్‌ఎంపీని కసురుకుని ఉంటే ఆ మూడో మాత్ర పేరు మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. గ్రామాల్లో రోగి మొదట చేరేది వాళ్ళ దగ్గరికే, కాబట్టి వాళ్ళతో మాటలు తెగకుండా చూసుకోవడం వైద్యంలో భాగమే.

పరీక్షలు, యూరియా చిక్కు

నాడి నిమిషానికి 118. రక్తపోటు 94/60. చేతులు చల్లగా, కనురెప్పల లోపలి భాగం తెల్లగా ఉన్నాయి. పొట్ట మెత్తగానే ఉంది, బొడ్డుకు పైన నొక్కితే కొద్దిగా నొప్పి. కామెర్లు, పొట్టలో నీరు, పెరిగిన ప్లీహం లాంటి కాలేయ జబ్బు గుర్తులు లేవు, సారా అలవాటు లేదు. ఇది తేల్చుకోవడం ముఖ్యం. అన్నవాహికలో ఉబ్బిన సిరలు పగిలిన కేసయితే ఎండోస్కోపీకి ముందే ఆ సిరల్లో ఒత్తిడి తగ్గించే టెర్లిప్రెసిన్ లేదా ఆక్ట్రియోటైడ్, దానితోపాటు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 7.2 గ్రాములు, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. ఈసీజీలో వేగం తప్ప కొత్త మార్పులు లేవు, గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ పరీక్ష నెగెటివ్.

బ్లడ్ యూరియా 78 మిల్లీగ్రాములు, క్రియాటినిన్ 1.1. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మాకు దూరం కాదు. యూరియా పెరిగిన రిపోర్టు చూడగానే ఈ ప్రాంతంలో అందరి మనసూ కిడ్నీ మీదికే పోతుంది. కొడుకు కూడా మొదట అడిగింది అదే. కిడ్నీ దెబ్బతింటే రెండూ కలిసి పెరుగుతాయి. క్రియాటినిన్ మామూలుగా ఉండి యూరియా ఒక్కటే ఇంతగా పెరిగితే, పైపేగులో చేరిన రక్తంలోని మాంసకృత్తులు అరిగి యూరియాగా మారుతున్నాయని, దానికితోడు కిడ్నీలకు రక్తప్రసారం తగ్గిందని అనుమానించాలి. ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. మన ల్యాబులు ఎక్కువగా ఇచ్చేది బ్లడ్ యూరియా. పుస్తకాల్లో నిష్పత్తులు యూరియాలోని నత్రజనితో ఉంటాయి. యూరియాను 2.14తో భాగిస్తే అది వస్తుంది. ఇక్కడ సుమారు 36, క్రియాటినిన్‌తో నిష్పత్తి దాదాపు 33. ఇది 30 దాటితే రక్తస్రావం పైభాగం నుంచి అనడానికి గట్టి ఆధారం.

ఇలాంటి రక్తస్రావంలో ప్రమాదం ఎంతో అంచనా వేయడానికి 2000లో వచ్చిన గ్లాస్గో-బ్లాచ్‌ఫర్డ్ స్కోరుకు ఎండోస్కోపీ అక్కర్లేదు, అందుకే మాలాంటి చోట అది అమూల్యం. యూరియాకు 4, హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువ కాబట్టి 6, రక్తపోటు 90-99 మధ్య ఉన్నందుకు 2, నాడి 100 దాటినందుకు 1, నల్ల విరేచనానికి 1, స్పృహ తప్పినందుకు 2. మొత్తం 16. స్కోరు 0 లేదా 1 వస్తే రోగిని చేర్చుకోకుండానే ఇంటికి పంపవచ్చు, 12 దాటితే ప్రమాదం చాలా ఎక్కువ.

రాత్రి ఎనిమిది గంటల ప్రశ్న

"ఇప్పుడే శ్రీకాకుళం తీసుకెళ్ళిపోతాం డాక్టరుగారూ, బండి మాట్లాడేశాం" అని కొడుకు తొందరపడ్డారు. ఆయన ఆత్రం అర్థమవుతుంది. బరంపురం ఇంకా దూరం, పైగా వాళ్ళ బంధువులంతా శ్రీకాకుళం వైపే ఉన్నారు. పాతపట్నం మీదుగా రెండు గంటల పైచిలుకు ప్రయాణం, బయట వాన. రక్తపోటు 94 ఉన్న గుండెజబ్బు మనిషిని, రక్తం ఎక్కించకుండా, రాత్రిపూట ఆ దారిన పంపాలా?

ఈ ప్రశ్నకు 2020లో హాంకాంగ్ నుంచి వచ్చిన పరిశోధన సూటిగా జవాబు చెబుతుంది. బ్లాచ్‌ఫర్డ్ స్కోరు 12, అంతకంటే ఎక్కువ ఉన్న 516 మందిని రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు 6 గంటల లోపు, రెండో జట్టుకు 6 నుంచి 24 గంటల మధ్య ఎండోస్కోపీ చేశారు. నెల రోజుల్లో మరణాలు తొందరగా చేసిన జట్టులో 8.9 శాతం, ఆగి చేసిన జట్టులో 6.6 శాతం. తొందరవల్ల ప్రయోజనం కనబడలేదు. రోగిని ముందు నిలబెట్టడానికి, ఆమ్లాన్ని తగ్గించే మందు పనిచేయడానికి దొరికిన సమయం వృథా పోలేదన్నమాట. అయితే ఎన్ని చేసినా షాక్ నుంచి తేరుకోని రోగులను ఆ పరిశోధనలో చేర్చుకోలేదు. కాబట్టి రక్తం ఎక్కిస్తున్నా నాడి దిగకపోతే, రక్తపోటు మళ్ళీ పడితే, ఆగకుండా రక్తం ఎక్కిస్తూనే బండి ఎక్కించాలి. ఈ రెండో దారి కూడా సిద్ధంగా ఉంచాం. బండిని పంపించేయకుండా మా ఆవరణలోనే ఉండమన్నాం.

కొడుక్కి ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. "మీ నాన్నగారికి ఈ రాత్రి కావలసింది రక్తం, కదలకుండా ఉండడం. తెల్లవారేసరికి ప్రయాణానికి తట్టుకునేలా చేసి పంపుతాను. లోపల గొట్టం వేసి చూడడానికి రేపు సాయంత్రం దాకా గడువుంది." ఒప్పుకున్నారు.

ఇచ్చినవి, ఇవ్వనివి

రెండు చేతులకూ పెద్ద క్యాన్యులాలు పెట్టాం. రింగర్ లాక్టేట్ అనే సెలైను అర లీటరు ఇచ్చి మళ్ళీ చూశాం. పాంటోప్రజోల్ 80 మిల్లీగ్రాములు సిరలోకి ఇచ్చాం. ఎండోస్కోపీకి ముందు ఈ మందు ఇస్తే మరణాలు తగ్గుతాయని రుజువు లేదు, కానీ పుండు కొంత శాంతించి, లోపల చికిత్స చేయవలసిన అవసరం తగ్గుతుందని 2007లో హాంకాంగ్‌లోనే తేలింది. ఎండోస్కోపీ గంటల దూరంలో ఉన్నప్పుడు ఆ మాత్రం లాభం వదులుకోకూడదు.

రక్తం విషయంలో ఎక్కువసేపు ఆలోచించాం. 2013లో బార్సిలోనాలో 921 మంది మీద జరిగిన పరిశోధనలో, హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితేనే రక్తం ఎక్కించిన జట్టులో ఆరు వారాలకు 95 శాతం మంది బతికి ఉన్నారు, 9 దగ్గరే ఎక్కించడం మొదలుపెట్టిన జట్టులో 91 శాతం. మళ్ళీ రక్తస్రావం కావడం కూడా మొదటి జట్టులోనే తక్కువ. ఎంత ఎక్కిస్తే అంత మంచిదన్న మన బంధువుల నమ్మకానికి, నిజం చెప్పాలంటే డాక్టర్ల నమ్మకానికి కూడా, ఇది పూర్తిగా వ్యతిరేకం. మా రోగికి 7.2 ఉంది. ఆ అంకెను అలాగే పట్టుకుంటే రక్తం అక్కర్లేదు. కానీ ఆ పరిశోధనలోకి అప్పుడే గుండెపోటు వచ్చినవారిని, పక్షవాతం వచ్చినవారిని తీసుకోలేదు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి గీత 8 దగ్గర పెట్టాలని 2021 యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుండెపోటుతోపాటు రక్తహీనత ఉన్న 3,504 మంది మీద 2023లో వచ్చిన పరిశోధన కూడా, అలాంటివారికి రక్తం మరీ పొదుపుగా ఇవ్వడం క్షేమం కాకపోవచ్చన్న అనుమానాన్ని మిగిల్చింది. స్టెంటు ఉన్న మనిషి, నాడి 118. పైగా రక్తం కారుతున్నప్పుడు మొదటి హిమోగ్లోబిన్ అంకె అసలు నష్టాన్ని చూపదు. అనుకున్నట్టే సెలైను ఎక్కాక 6.8కి దిగింది. ఒక యూనిట్ ఎక్కించి, పరీక్ష చేసి, అప్పుడు రెండోది ఎక్కించాం. తెల్లవారుజామున 8.5, నాడి 92, రక్తపోటు 116/70. మూడో యూనిట్ ఎక్కించలేదు.

"రక్తం ఆపే ఇంజెక్షన్ ఇవ్వండి" అని బంధువులు పదేపదే అడిగారు. వాళ్ళు అడిగేది ట్రానెక్సామిక్ ఆమ్లం. ప్రసవం తర్వాత రక్తస్రావంలో, ప్రమాదాల్లో అది ప్రాణాలు నిలిపే మందే. జీర్ణకోశంలో మాత్రం అది పనిచేయదని 15 దేశాల్లో 12,009 మందితో జరిగి 2020లో వెలువడిన పరిశోధన తేల్చింది. రక్తస్రావంతో మరణాలు మందు ఇచ్చినా ఇవ్వకపోయినా దాదాపు 4 శాతమే. సిరల్లో గడ్డలు కట్టడం మాత్రం మందు ఇచ్చినవారిలో 0.8 శాతం, ఇవ్వనివారిలో 0.4 శాతం. గుండెలో స్టెంటు ఉన్న మనిషికి గడ్డకట్టించే మందు ఇవ్వడానికి నాకు మనసు ఒప్పలేదు. విటమిన్ కె కూడా ఇవ్వలేదు. గడ్డకట్టే పరీక్షలు మామూలుగా ఉన్నప్పుడు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

శ్రీకాకుళంలో

ఉదయం ఆరు గంటలకు ఒక నర్సును తోడిచ్చి పంపించాం. అంతకుముందే అక్కడి గ్యాస్ట్రోఎంటరాలజిస్టుతో ఫోనులో మాట్లాడాను. రిఫరల్ కాగితంలో స్కోరు 16, ఎక్కించిన రక్తం, మందుల సంచిలో దొరికినవి, ఆస్పిరిన్ చివరి మాత్ర వేసుకున్న పూట, స్టెంటు వేసిన సంవత్సరం రాశాను. పొట్ట ఖాళీ కావడానికి ఎండోస్కోపీకి ముందు ఎరిత్రోమైసిన్ 250 మిల్లీగ్రాములు వాళ్ళు ఇచ్చారు. దానివల్ల లోపల గడ్డలు తొలగి స్పష్టంగా కనిపిస్తుంది.

ఆంత్రమూలం (చిన్నపేగు మొదటి భాగం) వెనక గోడ మీద సుమారు 12 మిల్లీమీటర్ల పుండు. రక్తం కారడం ఆగింది కానీ మధ్యలో రక్తనాళం పొడుచుకుని కనిపిస్తోంది. 1974లో ఫారెస్ట్, ఆయన సహచరులు మొదలుపెట్టిన రక్తస్రావ పుళ్ళ వర్గీకరణ ప్రకారం ఇది 2ఎ. దీన్ని ముట్టుకోకుండా వదిలేస్తే నూటికి 40 మందికి పైగా మళ్ళీ రక్తస్రావం అవుతుందని పాత లెక్కలు. ఆ గోడ వెనకే పెద్ద ధమని ఉంటుంది కాబట్టి అక్కడి పుండు మరీ ప్రమాదం. అడ్రినలిన్‌ను పదివేల వంతుకు పలచన చేసి చుట్టూ ఇచ్చి, ఆ నాళానికి రెండు క్లిప్పులు వేశారు. అడ్రినలిన్ ఒక్కటే ఇచ్చి ఆపేయడం చాలదు, క్లిప్పో వేడి చికిత్సో తోడుండాలి. తర్వాత 72 గంటలు పాంటోప్రజోల్ సిరలోకి నడిచింది.

ఆస్పిరిన్

కుటుంబమంతా ఒక్కమాట మీద ఉన్నారు: ఆ మాత్ర మళ్ళీ ఇంట్లోకి రాకూడదని. కోడలు అయితే "మామయ్యగారికి ఆ మందు పడలేదు, ఇంక వద్దండీ" అని మిగిలిన షీటు పారేశారు కూడా.

నాకు ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యంగా తోచిన ఘట్టం ఇదే. 2010లో హాంకాంగ్‌లో, పుండు నుంచి రక్తం కారి ఎండోస్కోపీతో ఆపించుకున్న 156 మందిలో సగం మందికి వెంటనే ఆస్పిరిన్ కొనసాగించి, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అందరూ గుండె, మెదడు రక్తనాళాల జబ్బు ఉన్నవారే. నెలలోపు మళ్ళీ రక్తస్రావం ఆస్పిరిన్ జట్టులో 10.3 శాతం, రెండో జట్టులో 5.4 శాతం. ఎనిమిది వారాల్లో మరణాలు ఆస్పిరిన్ జట్టులో 1.3 శాతం, ఆపినవారిలో 12.9 శాతం. రక్తస్రావం మళ్ళీ వస్తే క్లిప్పు వేయవచ్చు, రక్తం ఎక్కించవచ్చు. స్టెంటు మూసుకుపోతే మా దగ్గర చేయగలిగింది చాలా తక్కువ. శ్రీకాకుళం డాక్టరు, విశాఖ కార్డియాలజిస్టు, నేను ఫోనులో మాట్లాడుకుని మూడో రోజున ఆస్పిరిన్ 75 మళ్ళీ మొదలుపెట్టించాం. ఏ కారణం లేకుండా, గుండెజబ్బు రాకముందే జాగ్రత్తకని ఆస్పిరిన్ వేసుకునేవారి సంగతి వేరు. వాళ్ళకు రక్తస్రావం వస్తే ఆపేయడమే సరైనది.

పైలోరీ, మోకాళ్ళు, మళ్ళీ నల్లరంగు

ఎండోస్కోపీ సమయంలో చేసిన యూరియేజ్ పరీక్షలో, కడుపులో పుండ్లకు కారణమయ్యే సూక్ష్మజీవి హెలికోబాక్టర్ పైలోరీ లేదని వచ్చింది. రక్తస్రావం జరుగుతున్నప్పుడు, పాంటోప్రజోల్ నడుస్తున్నప్పుడు ఆ పరీక్ష లేదంటే నమ్మకూడదు. వాళ్ళు జీర్ణాశయంలోని రెండు భాగాల నుంచి ముక్కలు తీసి బయాప్సీకి కూడా పంపడం మంచిదైంది, అందులో సూక్ష్మజీవి కనిపించింది. మన దేశంలో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని రకాలు బాగా పెరిగాయి. అందుకే బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, వాటితో పాంటోప్రజోల్ 14 రోజులు ఇచ్చాం. టెట్రాసైక్లిన్ ఇక్కడ దొరకక బరంపురం నుంచి తెప్పించాల్సి వచ్చింది.

బిస్మత్ కూడా విరేచనాన్ని నల్లబరుస్తుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఇంటిల్లిపాదీ హడలిపోతారు, లేదా అసలు రక్తస్రావం వచ్చినా మందు వల్లే అనుకుంటారు. జిగట, దుర్వాసన, కళ్ళు తిరగడం, వీటిలో ఏది కనిపించినా రావాలని భార్యకు, కొడుక్కు విడివిడిగా చెప్పి, మళ్ళీ వాళ్ళ చేత చెప్పించుకున్నాను. రక్తహీనతకు నోటి మాత్రలు ఇవ్వలేదు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ మందును సిర ద్వారా ఇచ్చాం. అది ఖరీదైనదే. కానీ దానివల్ల విరేచనం నల్లబడదు. బిస్మత్ రోజులు దాటాక నల్లరంగు కనిపిస్తే అది ప్రమాదమేనని ఆ కుటుంబం సందేహం లేకుండా తెలుసుకోగలుగుతుంది. పుండు మానే ఈ కొద్ది నెలల్లో ఆ స్పష్టత ఖర్చుకు తగినదే.

మోకాళ్ళకు పారాసెటమాల్, పైపూత జెల్, తొడ కండరాల వ్యాయామం. నొప్పిమాత్రలు ఏ రూపంలోనూ వద్దని ఆయన ఆధార్ కార్డు పెట్టుకునే కవరులోనే ఒక కాగితం తెలుగులోనూ ఒడియాలోనూ రాసి పెట్టాం. ఆర్‌ఎంపీ కూడా దాని నకలు అడిగి తీసుకున్నారు.

మూడో నెలలో హిమోగ్లోబిన్ 12.6. రెండు వారాలు పాంటోప్రజోల్ బదులు ఫామోటిడిన్ ఇచ్చి చేయించిన శ్వాస పరీక్షలో పైలోరీ లేదు. ఇక పాంటోప్రజోల్ ఆపవచ్చా అని కొడుకు అడిగారు. ఆస్పిరిన్ వాడే పెద్దవయసు వారిలో పైలోరీని తొలగిస్తే రక్తస్రావం తగ్గుతుందని, అయితే ఆ రక్షణ సుమారు రెండున్నరేళ్ళ తర్వాత నిలవడం లేదని బ్రిటన్‌లో జరిగి 2022లో వెలువడిన పరిశోధన చూపింది. ఈయనకు ఇదివరకే పుండు పగిలింది, వయసు అరవై దాటింది. ఆస్పిరిన్ ఉన్నంతకాలం పాంటోప్రజోల్ 40 కూడా ఉండాలని, రెండు మాత్రలూ ఒకే పూట వేసుకోవాలని రాసిచ్చాను.